అందరి కెమెరాలకూ ఒకే రైలు
రైలు ఛాయాగ్రాహకుల మర్యాదలు – డ్రోన్ల కాలంలో

ఊరు చేరడానికి రైలెక్కేవారు కోట్లమంది ఉన్నారు. రైలును కేవలం చూడడానికి, దానిని చిత్రించడానికి, తలా కొంత సొమ్ము వేసుకొని ఒక రైలునే అద్దెకు తీసుకొనేవారు కూడా లోకంలో ఉన్నారంటే మన పాఠకులలో కొందరికి వింతగా తోచవచ్చు. ఇంగ్లండులోను, అమెరికాలోను, మన డార్జిలింగు కొండలలోను ఇటువంటి యాత్రలు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి. వీటినే ఫోటో చార్టర్లు అంటారు. పాత బొగ్గింజను, దానికి తగిన పాత పెట్టెలు, ఇరవై ముప్పైమంది కెమెరాధారులు, ఒక నిర్వాహకుడు ఉంటే చార్టర్ యాత్ర సిద్ధమైనట్లే.

సొమ్ము అందరిదీ, రైలు ఒక్కటే, వెలుగు బాగుండే సమయం స్వల్పం. ఇటువంటి చోట ఒకరి ఉత్సాహం మరొకరికి నష్టంగా మారడానికి క్షణం చాలు. అందుకే ఈ అభిరుచిపరుల మధ్య కాలక్రమంలో కొన్ని మర్యాదలు ఏర్పడ్డాయి. ఇటీవలి సంవత్సరాలలో డ్రోన్లు రంగప్రవేశం చేయడంతో ఆ మర్యాదలను మళ్ళీ చర్చకు పెట్టవలసి వచ్చింది. పైకి ఇవి చిన్న విషయాలే. వీటి వెనుక ప్రాణాలకు సంబంధించిన సంగతులున్నాయి. ఆ సంగతులను పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ అభిరుచి పుట్టుక

రైలుపై మక్కువగల వారు సంఘాలుగా ఏర్పడడం బ్రిటనులో పందొమ్మిదవ శతాబ్ది చివరిలోనే మొదలైంది. 1938 సెప్టెంబరులో రైల్వే కరస్పాండెన్స్ అండ్ ట్రావెల్ సొసైటీ అనే సంఘం 1870 నాటి స్టర్లింగ్ సింగిల్ నంబరు 1 ఇంజనుతో లండనులోని కింగ్స్ క్రాస్ నుండి పీటర్‌బరోకు ప్రత్యేక రైలు నడిపించింది. ప్రదర్శనశాలకు చేరిన ఇంజనును అభిమానులు తమ ఖర్చుతో మళ్ళీ పట్టాలపై పరుగెత్తించుకోవడానికి అది తొలినాటి ఉదాహరణ. 1968 ఆగస్టు 11న బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాలపై ఆవిరి రైళ్ళకు వీడ్కోలు పలికిన నాడు దారి పొడవునా జనం బారులు తీరారు.

మన దేశంలో బ్రాడ్‌గేజి మార్గాలపై ఆవిరి ఇంజన్లు నిత్యసేవ నుండి 1995లో విరమించాయి. 1855లో నిర్మితమైన ఫెయిరీ క్వీన్‌ను 1997లో ఢిల్లీ – ఆల్వార్ మధ్య పర్యాటక రైలుగా తిరిగి నడిపారు. డార్జిలింగు హిమాలయన్ రైల్వేకు 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. 2005లో నీలగిరి రైల్వే, 2008లో కాల్కా – సిమ్లా రైల్వే ఆ గౌరవంలో చేరాయి. నిత్యజీవితం నుండి బొగ్గింజను తప్పుకొన్న కొద్దీ దాని బొమ్మకు విలువ పెరిగింది. విలువతోపాటు బొమ్మ కోసం పోటీ కూడా పెరిగింది.

ఫోటో వరుస

చార్టర్ రైలు ఎలా నడుస్తుందో తెలిస్తేగాని అక్కడి మర్యాదలు బోధపడవు. వంతెన, మలుపు, పాత స్టేషను వంటి అందమైన చోట రైలు ఆగుతుంది. ఛాయాగ్రాహకులు దిగి, సూర్యకాంతి పడే పక్కన, నిర్వాహకుడు చూపిన చోట వరుసగా నిలబడతారు. అందరూ సిద్ధమయ్యాక రైలు కొన్ని వందల మీటర్లు వెనక్కి వెళ్తుంది. అక్కడినుండి కూత వేసి, పొగ చిమ్ముతూ, వారి ముందుగా దూసుకొని వస్తుంది. దీనిని రన్‌బై అంటారు. ఆ తరువాత రైలు మళ్ళీ వెనక్కి వచ్చి అందరినీ ఎక్కించుకొంటుంది.

ఆ ఒక్క పరుగు వెనుక ఎంతో శ్రమ ఉంటుంది. ఆ మార్గాన్ని ఆ కాసేపు ఇతర రైళ్ళకు మూసి ఉంచాలి. ఫైర్‌మన్ సరిగ్గా ఆ క్షణానికి పొగ వచ్చేలా పొయ్యిలో బొగ్గు వేయాలి. బొగ్గు, నీరు, సమయం అన్నీ లెక్క ప్రకారమే ఉంటాయి. కాబట్టి ఒకరు కదిలి పరుగు చెడితే మరో పరుగు దొరుకుతుందన్న హామీ లేదు.

అందువల్ల వరుసలోని మొదటి మర్యాద ఇది. ముందున్నవారు మోకాళ్ళపై కూర్చొంటారు, వారి వెనుక నిలబడేవారు, చివరన పీటలూ నిచ్చెనలూ తెచ్చుకొన్నవారు ఉంటారు. వరుస కుదిరిన తరువాత దానికి ముందుకు అడుగు వేయరాదు. దగ్గరినుండి విశాలమైన దృశ్యం తీయాలనుకొనేవారికీ, దూరంనుండి పెద్ద లెన్సుతో తీసేవారికీ ఎప్పుడూ పేచీ ఉంటుంది. మొదటివారు పట్టాల దగ్గరికి జరిగితే రెండవవారి బొమ్మలో రైలుకు బదులు ఎవరిదో వీపు పడుతుంది. వ్యవధి ఉంటే చెరొక పరుగు కేటాయించడం, లేకపోతే అందరూ దూరపు గీత దగ్గరే నిలవడం సాధారణ పరిష్కారం.

రెండవ మర్యాద మౌనం. చాలామంది చలనచిత్రం తీస్తారు, కొందరు కేవలం ఇంజను ధ్వనినే రికార్డు చేసుకొంటారు. ఇంజను దాటిపోగానే "ఆహా, అద్భుతం!" అని ఎవరైనా అరిస్తే ఆ అరుపే రికార్డులో శాశ్వతంగా మిగిలిపోతుంది. చివరి పెట్టె దాటి, శబ్దం సద్దుమణిగేవరకు ఎవరూ కదలరు, మాట్లాడరు.

మూడవది వెలుగుకు సంబంధించినది. ఇంగ్లండులో లెస్టర్‌షైర్‌లోని గ్రేట్ సెంట్రల్ రైల్వే వంటి చోట్ల రాత్రివేళ స్టేషను దీపాలకాంతిలో ఇంజన్లను చిత్రిస్తారు. కెమెరాలు కొన్ని సెకన్లపాటు తెరుచుకొని ఉండే ఆ సమయంలో ఒక్కరు టార్చి వేసినా, ఫ్లాష్ వాడినా అందరి బొమ్మలూ పాడవుతాయి. కదులుతున్న రైలు మీదికి ఫ్లాష్ కొట్టడం ఇంకా పెద్ద తప్పు. డ్రైవరు కళ్ళు మిరుమిట్లు గొలిపితే ముందున్న సిగ్నలు ఆయనకు కనబడకపోవచ్చు.

నాలుగవది బయటివారి విషయం. రుసుము చెల్లించకుండా కారులో రైలును వెంబడించి ఫోటోలు తీసేవారు ప్రతిచోటా ఉంటారు. ప్రజల రోడ్డుమీద నిలబడి బొమ్మ తీయడం తప్పు కాదు. అయినా ఆ రైలు నడవడానికి సొమ్ము ఇచ్చినవారి ముందుకు వచ్చి నిలబడడం, రోడ్డుకు అడ్డంగా కారు ఆపడం, రైతు పొలంలోని పైరు తొక్కడం తగదు. ఆ రైల్వేకు తమ వంతుగా కొంత విరాళం పంపడం అలాంటివారిలో మర్యాదస్థుల పద్ధతి.

బొమ్మ కంటే ప్రాణం మిన్న

ఈ నియమాలను చాదస్తమని కొట్టిపారేసేవారు రెండు సంఘటనలను గుర్తుంచుకోవాలి.

ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ 1923లో నిర్మితమైన సుప్రసిద్ధ ఇంజను. సుమారు పదేళ్ళపాటు, 42 లక్షల పౌండ్ల వ్యయంతో మరమ్మతు పొంది, 2016 ఫిబ్రవరి 25న అది లండను నుండి యార్కు వరకు తన పునఃప్రవేశ యాత్ర చేసింది. ఆనాడు అభిమానులు కెమెరాలు పట్టుకొని కంచెలు దాటి పట్టాలమీదికి రావడంతో దారిలో రైలును ఆపవలసి వచ్చింది, ఇతర రైళ్ళు కూడా ఆలస్యమయ్యాయి. అదృష్టవశాత్తు ప్రాణహాని జరగలేదు. ఆ పట్టాలు అనేక వేగవంతమైన రైళ్ళు తిరిగే ప్రధాన మార్గమన్న సంగతి, ఒక్క ఇంజను కోసం ఎదురుచూస్తున్నవారికి గుర్తులేకపోయింది.

రెండవ సంఘటనలో అదృష్టం తోడు రాలేదు. 1930లో నిర్మితమైన 2816 నంబరు ఇంజను 2024లో కెనడానుండి మెక్సికో నగరం వరకు ఉత్సవ యాత్ర చేసింది. అది చార్టర్ కాదు, రైల్వే సంస్థ స్వయంగా నడిపినది. జూన్ 3న మెక్సికోలోని హిదాల్గో రాష్ట్రంలో పట్టాల పక్కన చేరిన జనంలో ఒక యువతి రైలుతోపాటు తన బొమ్మ తీసుకోవడానికి మరీ దగ్గరగా వంగింది. ఇంజను తగిలి ఆమె మరణించింది. ఇంజను వెడల్పు పట్టాల వెడల్పు కంటే ఎక్కువ. దాని సిలిండర్లు, మెట్లు పట్టాల అంచును దాటి బయటికి చొచ్చుకొని ఉంటాయి. కెమెరా తెరలో దూరం ఉన్నదానికంటె ఎక్కువగా కనబడుతుంది. తెరవంక చూస్తూ రైలుకు వీపు పెట్టి నిలిచినవారికి ఈ లెక్క అందదు.

డ్రైవరు సంగతి కూడా ఆలోచించాలి. బ్రేకు వేసినంత మాత్రాన రైలు అక్కడికక్కడే ఆగదు. ఎదుట మనిషి కనబడినా కూత వేయడం, బ్రేకు వేయడం తప్ప ఆయన చేయగలిగినది ఏమీ లేదు. ఆ తరువాతి క్షణాలను ఆయన జీవితాంతం మోయవలసి వస్తుంది. ఒక బొమ్మ కోసం మరొక ఉద్యోగి నెత్తిన అంత భారం పెట్టే హక్కు ఎవరికీ లేదు.

అందుకే మంచి నిర్వాహకుడు యాత్ర మొదలుకాకముందే అందరినీ చుట్టూ నిలబెట్టి జాగ్రత్తలు చెబుతాడు. ఎక్కడ దిగాలి, పట్టాలు ఎప్పుడు దాటాలి, ఎవరి మాట వినాలి అన్నవి అప్పుడే తేల్చుకొంటారు. మన కర్మాగారాలలో షిఫ్టు ఆరంభంలో జరిగే టూల్‌బాక్స్ టాక్ ఎరిగిన మనకు ఇది కొత్త కాదు.

వెనుకొచ్చిన కొమ్ములు

ముందొచ్చిన చెవులకన్నా వెనుకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు పెద్దలు. డ్రోను విషయంలో ఈ సామెత అక్షరాలా నిజమైంది. కొండవాలు మీదుగా మెలికలు తిరుగుతూ పోయే రైలును పై నుంచి చూపగల శక్తి నేలమీది కెమెరాకు లేదు. అమెరికాలో కొలరాడో, న్యూమెక్సికో సరిహద్దు వెంట 103 కిలోమీటర్లు సాగే కంబ్రెస్ అండ్ టోల్‌టెక్ వంటి కొండమార్గాలలో ఆ ఆకర్షణ ఎంతటిదో ఊహించవచ్చు.

అయితే నేలమీద నిలిచినవారి ఫిర్యాదులు కూడా న్యాయమైనవే. తేనెటీగల గుంపువంటి దాని రొద ఇంజను ధ్వనిని మింగేస్తుంది. 1930 నాటి దృశ్యంగా తీర్చిదిద్దిన బొమ్మలో ఆకాశంలో ఒక నల్లని పురుగు కనబడితే ఆ శ్రమంతా వృథా. తలపై తిరిగే యంత్రం ఎప్పుడు కూలుతుందోనన్న బెదురు మరొకటి.

డ్రోను వాడేవారి మాట కూడా వినాలి. "మేమూ అందరితో సమానంగా రుసుము చెల్లించాం. ట్రైపాడ్ పెట్టుకొనేవారికి ఉన్న హక్కు మాకెందుకు లేదు?" అని వారు అడుగుతారు. ఒకప్పుడు ట్రైపాడ్‌నూ, వీడియో కెమెరానూ కూడా ఇలాగే విసుక్కొన్నారని గుర్తుచేస్తారు. ఈ వాదనలో బలం లేకపోలేదు.

ఈ తగవుకు పరిష్కారం నిషేధంలోనూ లేదు, విచ్చలవిడితనంలోనూ లేదు. వంతులు వేసుకోవడంలో ఉంది. డ్రోన్లకు అనుమతి ఉన్నదీ లేనిదీ సొమ్ము తీసుకొనే ముందే ప్రకటించాలి. అనుమతి ఉన్నచోట నేలమీది కెమెరాలకు మొదటి పరుగులు, డ్రోనుకు ఆ తరువాత ఒక ప్రత్యేక పరుగు కేటాయించాలి. ఆ పరుగులో ధ్వని రికార్డు చేసేవారు విశ్రాంతి తీసుకొంటారు. గాలిలో ఒక సమయంలో ఒకే డ్రోను ఉండాలి. నడిపేవాడు తెర చూస్తుంటే, పక్కన మరొకరు కన్ను మరల్చకుండా ఆకాశంలోని యంత్రాన్ని చూస్తూ ఉండాలి.

మర్యాదకు తోడు చట్టం కూడా ఉంది. బ్రిటనులోను, అమెరికాలోను, మన దేశంలోను సాధారణంగా డ్రోను ఎగిరే ఎత్తుకు సుమారు 120 మీటర్లు, అంటే 400 అడుగులు, హద్దుగా ఉంది. డ్రోను నడిపేవారి కంటికి కనబడుతూ ఉండాలన్నది మరో ముఖ్య నియమం. మన దేశంలో 2021 నాటి డ్రోన్ నిబంధనలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. తానున్న చోటు ఏ మండలంలో ఉందో చూసుకోకుండా ఎగరేయడం నేరానికి దారితీస్తుంది. ఇవిగాక రైల్వే ఆవరణలో రైల్వేవారి అనుమతి, అడవిలో అటవీశాఖవారి అనుమతి వేరుగా పొందాలి. నీలగిరి రైలు మెట్టుపాళయం దాటి కొండ ఎక్కే ప్రాంతం ఏనుగులు తిరిగే అడవి. అక్కడ ఆ రొద ఎవరిని బెదరగొడుతుందో చెప్పలేము.

విద్యుదీకరించిన మార్గాలలో డ్రోను మాట తలపెట్టకపోవడమే మేలు. పట్టాలపైనున్న తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. దానిని తాకకపోయినా, మరీ చేరువైతే చాలు, విద్యుత్తు గాలిగుండా దూకగలదు. డ్రోనుకే కాదు, పొడవైన సెల్ఫీ కర్రకు, నిచ్చెనకు, వ్యాగనుపైకి ఎక్కిన మనిషికి కూడా ఇదే ప్రమాదం. బ్యాటరీ అయిపోయి డ్రోను పట్టాలమధ్య పడితే దాని వెంట పరుగెత్తరాదు. సిబ్బందికి చెప్పి, రాకపోకలు ఆపారన్న మాట వారినుండి విన్న తరువాతే ముందుకు కదలాలి.

డార్జిలింగు నేర్పే పాఠం

మన దేశంలో ఈ మర్యాదలన్నిటికీ పరీక్ష డార్జిలింగులో జరుగుతుంది. 1881లో పూర్తయిన ఆ రైలుమార్గంలో పట్టాల మధ్య దూరం రెండడుగులే. న్యూ జల్‌పాయ్‌గురి నుండి డార్జిలింగు వరకు సుమారు 88 కిలోమీటర్ల దారిలో రైలు 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్ స్టేషనును చేరి దిగుతుంది. 1889 నుండి వాడుకలోకి వచ్చిన బి క్లాసు ఇంజన్లంటే విదేశీ అభిమానులకు ప్రాణం. వాటికోసం వారు ప్రత్యేక రైళ్ళు అద్దెకు తీసుకొంటారు.

అక్కడి పట్టాలకు కంచె లేదు. రోడ్డు, రైలు మాటిమాటికీ ఒకదానినొకటి దాటుకొంటాయి. కర్సియాంగు బజారులో దుకాణాల గడపలకు చేయి చాపితే అందేంత దగ్గరగా రైలు పోతుంది. పట్టాలు జారకుండా ఇంజను ముందు కూర్చొని ఇసుక చల్లే కార్మికుడు ఫోటోకు అందమైన వస్తువు కాడు, చలిలో పనిచేస్తున్న ఉద్యోగి. ఇంటి ముంగిట బట్టలారేసుకొనే ఇల్లాలు, బడికి పోయే పిల్లలు మన బొమ్మకోసం అక్కడ లేరు. వారిని అడిగి ఫోటో తీయడం, వారి ఇళ్ళ పైన డ్రోను తిప్పకపోవడం, రన్‌బై పేరుతో వారి రోడ్డును ఎక్కువసేపు ఆపకపోవడం అతిథుల కనీస ధర్మం. 1919లో నిర్మితమైన బతాసియా లూపు వద్ద పర్యాటకుల రద్దీలో ఫోటో వరుస కట్టడం కుదరదు. అక్కడ చార్టర్ యాత్రికులే సర్దుకోవాలి. అద్దెకు తీసుకొన్నది రైలునేగాని ఊరిని కాదు.

మనకెందుకీ సంగతులు?

చార్టర్ రైలు ఎక్కే అవకాశం మనలో ఎందరికి వస్తుందో చెప్పలేము గాని, కెమెరాగల ఫోను మాత్రం ఇంటింటా ఉంది. సెలవులలో పిల్లలతో విశాఖనుండి అరకు రైలెక్కినప్పుడు, బొర్రా గుహల దగ్గర సొరంగాలు వరుసగా వచ్చేవేళ తలుపు దగ్గర ఎవరు నిలబడతారో, ఎవరి చేయి ఫోనుతో బయటికి చాస్తుందో మనకు తెలుసు. అది కూడా 25,000 వోల్టుల తీగ కింద నడిచే మార్గమే. మన సంస్థ సైడింగులలో నెమ్మదిగా, చప్పుడు లేకుండా వెనక్కి కదిలే వ్యాగన్లు ఎంత ప్రమాదకరమో షంటింగు సిబ్బందిని అడిగితే చెబుతారు. అనుమతి లేకుండా పట్టాలపైకి వెళ్ళడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం శిక్షార్హం కూడాను.

కనుక రైలు బొమ్మ తీయదలచిన ప్రతివారూ, పిల్లలకు కెమెరా కొనిచ్చే తల్లిదండ్రులూ ఈ అయిదు మాటలు గుర్తుంచుకొంటే చాలు.

1. సిబ్బంది అనుమతించిన చోటనే నిలబడాలి. పట్టాలు దాటవలసివస్తే వారు చెప్పినప్పుడే దాటాలి.

2. రైలుకు వీపు పెట్టి బొమ్మ తీసుకోరాదు. తెర చూపే దూరాన్ని నమ్మరాదు.

3. వెనుకనున్నవాని కెమెరాకు అడ్డం రాకుండా చూసుకోవాలి. వరుస కుదిరాక ముందుకు జరగరాదు.

4. ఫ్లాష్ వాడరాదు. చివరి పెట్టె దాటేవరకు మౌనం పాటించాలి.

5. డ్రోను ఉంటే ముందుగా చెప్పి, అనుమతి పొంది, వంతు వచ్చినప్పుడే, మనుషులకూ తీగలకూ దూరంగా ఎగరేయాలి.

పాత ఇంజన్లను నడిపే సంస్థలలో చాలావరకు స్వచ్ఛంద సేవకుల చెమటతో, సందర్శకుల ఆదరణతో మనుగడ సాగిస్తున్నవే. ఒక్క ప్రమాదం జరిగితే యాత్రలు ఆగిపోతాయి. ఒక్క ఊరు విసిగిపోతే తరువాత వచ్చేవారికి స్వాగతం ఉండదు. వందేళ్ళు దాటిన ఒక ఇంజను మన ముందుగా కూత వేసుకొంటూ పోతున్నదంటే, దానిని ఎందరో చేతులు మార్చుకొంటూ కాపాడి మనకు అందించారన్నమాట. మన పిల్లలు కూడా అదే మలుపు దగ్గర నిలబడి అదే కూత వినగలగాలంటే ఈనాడు మనం చేయవలసినది కొంచెమే. ఒక అడుగు వెనుక నిలబడితే చాలు.